చిరకాల నటుడూ చెడ్డ చిత్రమూ

2020 నవంబరు 15వ తేదీన కోల్‌కతాలో సౌమిత్ర చటర్జీ కన్నుమూసినప్పుడు వెలువడిన సంస్మరణ వ్యాసాలు చాలవరకు ఒకే తీరున నడిచాయి. సత్యజిత్ రాయ్ దర్శకత్వంలో ఆయన నటించిన 14 చిత్రాలను ప్రశంసించడం, తపన్ సిన్హా, మృణాల్ సేన్ చిత్రాలలో మూడు నాలుగింటిని వాటికి జత చేయడం, ఆ మీదట “ఇంకా అనేక చిత్రాలు” అనే మాటతో తక్కిన అరవయ్యేళ్ల పనిని ముగించడం. ఆ “ఇంకా అనేకం” లెక్కకు రెండు వందల పైమాటే. ఒక కవి రాసిన గ్రంథాలలో అధికభాగాన్ని ఇట్లా ఒక్క మాటతో కప్పిపెడితే విమర్శలోకం ఊరుకోదు. నటుడి విషయంలో మాత్రం అది మర్యాదగా చెల్లిపోతున్నది. చెడ్డవాటి ఊసెత్తకపోవడమే మృతునికి చేసే గౌరవమని కాబోలు భావం.

ఈ మర్యాద చాటున ఒక ఆరోపణ దాగి ఉన్నది. “అపుర్ సంసార్”తో తెరమీదికి వచ్చినవాడు ఆ మెట్టు దిగకుండా ఉండవలసింది, దిగినాడు, దిగినందుకు మనమే సిగ్గుపడి మాటాడక ఊరుకుందాం అన్నదే ఆ ఆరోపణ. సాహిత్యపరుల నోట ఇది మరింత కటువుగా వినబడుతుంది. ఎందుకంటే సౌమిత్ర సాహిత్యానికి పరాయివాడు కాడు. బెంగాలీ సాహిత్యం చదువుకున్నవాడు, కవి, నాటకకర్త, 1961 నుండి నిర్మాల్య ఆచార్యతో కలసి “ఎక్షణ్” అనే ప్రశస్తమైన సాహిత్య పత్రికకు సంపాదకత్వం వహించినవాడు. ఆ పత్రికకు పేరు పెట్టి, ముఖచిత్రాలు వేసి యిచ్చినది సత్యజిత్ రాయే. మంచిచెడ్డలు తెలియక చెడ్డ చిత్రాలలో నటించినాడనడానికి వీలులేని మనిషి. కాబట్టి ప్రశ్న సూటిగా వేయవచ్చు: తెలిసినవాడు, స్థితి కలవాడు, అరవయ్యేళ్లపాటు పని చేసినవాడు, చెడ్డ చిత్రం అన్నది లేకుండా తన జాబితాను కాపాడుకోగలడా?

మొదట చెడ్డ చిత్రమంటే ఏమిటో కొంత తేల్చుకోవలె. పెద్ద తలంపుతో మొదలై తప్పటడుగు వేసిన చిత్రం చెడ్డది కాదు, విఫలమైనది, అంతే. వినోదం కోసం తీసిన చిత్రమూ చెడ్డది కాదు. 1961లో తపన్ సిన్హా తీసిన “ఝిందేర్ బందీ” రాజులూ, కోటలూ, కత్తియుద్ధాలూ గల కాలక్షేపపు కథ. అందులో ఉత్తమ్ కుమార్‌కు ఎదురుగా మయూరవాహనుడనే దుష్టపాత్రను సౌమిత్ర ధరించిన తీరు చూస్తే, అపూ వేషం కట్టిన మనిషి యితడేనా అని విస్తుపోవలసి వస్తుంది. చెడ్డ చిత్రమంటే తాను చెప్పే దానిని తానే నమ్మనిది. కన్నీళ్లు అవసరమైన చోట కన్నీళ్లు, నవ్వు అవసరమైన చోట నవ్వు కొలిచి పోసేది, మనుషులను గురించి అబద్ధం చెప్పేది. ఇట్టివి సౌమిత్ర జాబితాలో ఉన్నవి, చాలా ఉన్నవి. పొట్టకూటికి ఎన్నో చేయవలసి వచ్చిందన్న సంగతిని ఆయన దాచుకోనూ లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చూడవలసి ఉంటుంది. రాయ్ చిత్రాలు 14 అన్నప్పుడు అవేవో ఏడాదికొకటి చొప్పున పంటలాగా చేతికి వచ్చినట్లు తోస్తుంది. అది నిజం కాదు. తొలి ఆరేడు సంవత్సరాలలో ఆరు వచ్చాయి: 1959లో “అపుర్ సంసార్”, ఆ తరువాత “దేవి”, “తీన్ కన్య”, “అభిజాన్”, “చారులత”, 1965లో “కాపురుష్”. అక్కడి నుండి 1970 నాటి “అరణ్యేర్ దిన్ రాత్రి” దాకా ఒక్కటీ లేదు. 1974 నాటి “సోనార్ కెల్లా” తరువాత మళ్లీ “జయ్ బాబా ఫేలునాథ్” రావడానికి 1979 కావలసి వచ్చింది. 1984లో “ఘరే బాయిరే” అయిన పిమ్మట రాయ్ ఆరోగ్యం చెడి అయిదేళ్లపాటు పెద్ద కథాచిత్రం చేపట్టలేదు. ఈ నడిమి సంవత్సరాలలో నటుడు ఏం చేయవలె? ఇంట్లో కూర్చుని రాయ్ కబురు కోసం ఎదురు చూడవలెనా? బిడ్డల చదువులూ, ఇంటి అద్దెలూ అట్లా ఎదురు చూడవు. తక్కిన ఉత్తమ దర్శకులు ఉన్నారు కదా అనవచ్చు. ఉన్నారు, వాళ్లూ ఆయనను పిలిచారు. అందరినీ కలుపుకొని ఉదారంగా లెక్కించినా, ఆరు దశాబ్దాలలో గట్టిగా నిలిచేవి నలభై దాటవు. ఒక దేశభాషా చిత్రపరిశ్రమ ఒక్క నటుడికి యివ్వగలిగిన ఉత్తమ చిత్రాల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును నటుడు నిర్ణయించడు.

బెంగాలీ చిత్రపరిశ్రమ హద్దు మరింత యిరుకైనది. 1947 నాటి విభజనతో ఆ భాష మాటాడే ప్రేక్షకులలో సగం మందికి పైగా సరిహద్దుకు అవతల పడ్డారు. 1965 యుద్ధంతో అక్కడ భారతీయ చిత్రాల ప్రదర్శన పూర్తిగా నిలిచిపోయింది. ఇవతల హిందీ చిత్రాల పోటీ. 1980 జూలైలో ఉత్తమ్ కుమార్ మరణించడంతో, ఒక్క మనిషి పేరు మీద నిలిచివున్న వ్యాపారం ఒక్కసారిగా ఒరిగిపోయింది. ఆ దశాబ్దంలో కలకత్తా స్టూడియోలలో తయారైన చిత్రాలలో ఎక్కువ భాగం అత్తాకోడళ్ల కలతలూ, అన్నదమ్ముల పంపకాలూ, త్యాగమూర్తులైన తండ్రులూ. ఆ తండ్రి వేషాలు సౌమిత్రకు వచ్చాయి. ఒప్పుకున్నాడు. ఒప్పుకోని పక్షంలో ఆ చిత్రాలు ఆగిపోయేవి కావు, ఇంకొకరు వేసేవారు. ఈ వాదం నైతికంగా అంత బలమైనది కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని ఆ వేషాల వల్ల ఒక పరిశ్రమలోని లైటుబాయి మొదలు మేకప్ మనిషి వరకు ఎన్ని యిళ్లలో పొయ్యి వెలిగిందో లెక్కలోకి తీసుకోని నైతికత కూడా అంత నిండైనది కాదు.

రచయితలు నటుడిని తమ కొలబద్దతో కొలవడంలో ఒక పొరపాటు జరుగుతున్నది. రచయిత తన రచనను పూర్తి చేసిన తరువాత చూసుకుంటాడు. నచ్చకపోతే చించి పారవేస్తాడు, లేదా పెట్టెలో పెడతాడు. అచ్చయిన తరువాత కూడా తన సంపుటాలనుండి తీసివేయవచ్చు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన బాల్యయౌవన రచనలలో అనేకం పనికిరానివని పక్కన పెట్టినాడు. ఆయన రచనావళిని ప్రకటించేటప్పుడు వాటిని “అచలిత సంగ్రహం” అనే పేరుతో వేరే సంపుటాలుగా వేయవలసి వచ్చింది. “అచలితం” అంటే చలామణిలో లేనిదని అర్థం. మహాకవికి ఆ పాటి హక్కు దక్కింది. నటుడికి అచలిత సంగ్రహం లేదు. ఆయన చిత్రం లేకముందే “సరే” అంటాడు. ఆ నాటికి ఉన్నది నిర్మాత నోటి మాట, అడ్వాన్సు, కాల్షీటు తేదీలు, చాలసార్లు సగం రాసిన కథ. చివరి దృశ్యం మొదట తీస్తారు, మొదటిది ఆర్నెల్ల తరువాత తీస్తారు. మధ్యలో డబ్బు చాలదు. పంపిణీదారుడు వచ్చి పాటొకటి కావాలంటాడు, లేదా ఇంకొక హాస్యసన్నివేశం. అంతా అయిన తరువాత కూర్పరి బల్లమీద నటుడి ముఖం ఎన్ని అడుగులు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో ఆయనకు తెలియదు. మంచి కథగా విని ఒప్పుకున్నది చెడ్డ చిత్రంగా బయటికి రావడం ఈ వృత్తిలో నిత్యకృత్యం. విడుదలైన నాడు గోడల మీద పోస్టరుపై పెద్దగా కనిపించేది మాత్రం ఆయన ముఖమే.

దీనిని గురించి రాయ్ ఒక చిత్రమే తీశాడు. 1966 నాటి “నాయక్”లో అరిందముడనే ప్రసిద్ధ నటుడు పురస్కారం అందుకోవడానికి రైలులో ఢిల్లీకి వెళుతుంటాడు. కొత్త చిత్రం దెబ్బతింటుందనే భయం ఆయన గుండెలో మెదులుతూ ఉంటుంది. ఒకప్పుడు పాడలో నాటకాలు ఆడించిన శంకర్‌దా సినిమా వద్దని వారించి ఉంటాడు. తెరమీద నటుడు నలుగురి చేతులలో ఆడే కీలుబొమ్మ అని ఆయన వాదం. శంకర్‌దా పోయిన తరువాత అరిందముడు చిత్రాలలోకి వస్తాడు. అక్కడ ముకుంద లాహిరి అనే పాతకాలపు మహానటుడు తొలి చిత్రంలోనే అతడిని చిన్నబుచ్చుతాడు. కాలం తిరుగుతుంది. ఆ ముకుందుడే ఒకనాటి రాత్రి చిన్న వేషమైనా ఇప్పించమని అరిందముడి గడప తొక్కుతాడు. ఈ సన్నివేశంలో రాయ్ ఎవరినీ దోషిగా నిలబెట్టడు. వేషం అడిగే వృద్ధుడి గొంతు మాత్రం మనలను వదలదు. చెడ్డ చిత్రాలలో ఎందుకు నటించావని సుఖాసనంలో కూర్చుని అడిగేవారు ఆ గొంతును ఒకసారి వినవలె. ఈ పాత్రకు రాయ్ సౌమిత్రను కాక ఉత్తమ్ కుమార్‌ను పిలవడం గమనార్హం. నాలుగు వందల అడుగుల వెలుగులో నిలబడే తారకు కాలికింది నేల ఎంత పలచనో అప్పటికే అనుభవించి తెలిసిన ముఖం ఆయనకు కావలసి వచ్చింది.

సరే, లేదు అనడం నేర్చిన నటుడు ఉంటే? అట్టివాడూ ఈ దేశంలో ఉన్నాడు. దిలీప్ కుమార్ 1944లో “జ్వార్ భాటా”తో మొదలుపెట్టి 1998లో “ఖిలా”తో ముగించాడు. యాభై నాలుగేళ్లలో ఆయన నటించినవి అరవై చిత్రాల మేరకే. 1976 తరువాత అయిదేళ్లు తెరకే రాలేదు. సమకాలికులు ఏడాదికి నాలుగేసి చేస్తున్న రోజులలో ఒకదాని తరువాత ఒకటి పట్టుకుని కూర్చున్న మనిషి. మరి ఆయన జాబితా నిర్మలంగా ఉన్నదా? 1955వ సంవత్సరాన్ని చూడండి. ఆ ఏడు బిమల్ రాయ్ “దేవదాస్” వచ్చింది. దానిని గురించి చెప్పనక్కరలేదు. అదే ఏడు జెమినీ వాసన్ తీసిన “ఇన్సానియత్” కూడా వచ్చింది. మన “పల్లెటూరి పిల్ల”కు అది హిందీ రూపం. తెలుగులో 1950లో రామారావు, నాగేశ్వరరావు కలసి నటించిన ఆ కథలో కొంత జానపద స్వచ్ఛత ఉన్నది. హిందీలో దిలీప్ కుమార్, దేవ్ ఆనంద్ అనే యిద్దరు మేటి నటులను పక్కపక్కన నిలబెట్టి, చాలదన్నట్లు పరదేశం నుండి ఒక చింపాంజీని కూడా రప్పించారు. చాలమందికి గుర్తుండిపోయినది ఆ చింపాంజీయే. ఎంచి ఎంచి పని చేసే నటుడికి ఈ గతి పట్టింది. 1980లలో తెలుగు దర్శకులు బొంబాయిలో తీసిన “ధర్మ్ అధికారి”, “కానూన్ అప్నా అప్నా” వంటివాటి సంగతి ఎత్తకపోవడం మంచిది. అయితే న్యాయంగా చెప్పాలంటే మదరాసు నుండి ఆయనకు చెడ్డవే పోలేదు. “రాముడు భీముడు”ను తాపీ చాణక్యే 1967లో “రామ్ ఔర్ శ్యామ్”గా తీస్తే, అందులో ద్విపాత్రాభినయం చేసిన దిలీప్ కుమార్ హాస్యానికి సాటి రాగల పని ఆయనే మరెక్కడా చేయలేదు. విషాదపాత్రలు మనసును కుంగదీస్తున్నాయని వైద్యులు చెప్పిన మీదట తేలికపాటి వేషాల వైపు తిరిగినట్టు ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ సలహా ఇచ్చిన వైద్యుడికి భారతీయ చిత్రకళ ఋణపడి ఉన్నది.

నిరాకరణలో మరొక చిక్కున్నది. దానిని విమర్శకులు తరచు గమనించరు. చెడ్డ చిత్రాన్ని ఒప్పుకుంటే ఆ తప్పు తెరమీద అందరికీ కనబడుతుంది. మంచి చిత్రాన్ని తిరస్కరిస్తే ఆ తప్పు ఎవరికీ కనబడదు. “ప్యాసా”లో కవి పాత్రకు గురుదత్ మొదట కోరినది దిలీప్ కుమార్‌నే. ఆయన రాలేదు, గురుదత్ తానే వేశాడు, 1957లో చిత్రం వచ్చింది. మనకు గురుదత్ దక్కాడు గనుక ఈ నష్టం లాభంగా మారింది. కాని దిలీప్ కుమార్ జాబితాలో ఆ ఖాళీ ఒక పెద్ద ఖాళీయే. ఎంపిక చేసే నటుడు మంచినీ చెడునూ వేరుచేసే జల్లెడ పట్టుకుని కూర్చోడు. ఎదుట ఉన్నది కథ కాదు, కథ నీడ. ఆ నీడను చూసి వద్దన్నప్పుడు చెడుతోబాటు మంచీ పోతుంది.

చెడ్డ చిత్రమన్నదే లేని నటుడు ప్రపంచంలో ఒకడు ఉన్నాడు. అమెరికా నటుడు జాన్ కజాల్ అయిదే అయిదు కథాచిత్రాలలో నటించాడు: 1972లో “గాడ్‌ఫాదర్”, 1974లో “కాన్వర్జేషన్”, “గాడ్‌ఫాదర్” రెండవ భాగం, 1975లో “డాగ్ డే ఆఫ్టర్‌నూన్”, 1978లో “డీర్ హంటర్”. అయిదూ ఉత్తమ చిత్రం ఆస్కారుకు పోటీలో నిలిచినవే. ఊపిరితిత్తుల కాన్సరుతో 1978 మార్చిలో, చివరి చిత్రం విడుదల కాకముందే, 42వ యేట మరణించాడు. నిష్కళంకమైన జాబితాకు ఆయన చెల్లించిన వెల అది.

తెలుగు నటులను ఈ వరుసలో చూస్తే ప్రశ్న రంగు మారుతుంది. చిత్తూరు నాగయ్య “వందేమాతరం”, “సుమంగళి”, “భక్త పోతన”, “స్వర్గసీమ”, “త్యాగయ్య”, “యోగి వేమన” చిత్రాలను పదేళ్ల లోపల చేశాడు. 1939 నుండి 1947 దాకా ఆ జాబితాకు సాటిరాగలది భారతదేశంలో ఏ భాషా నటుడికైనా ఉన్నదా అన్నది అనుమానమే. ఆ దశలో ఆయన ఎంపిక చేసుకోగలిగాడు. తానే నిర్మాత, తానే దర్శకుడు, తానే సంగీతకర్త. అయితే సొంత నిర్మాణం ఆయన సంపదను హరించింది. చివరి ఇరవయ్యేళ్లలో రెండు దృశ్యాలలో కనిపించి దీవించి వెళ్లే తండ్రిగా, సాధువుగా, తాతగా అసంఖ్యాకమైన చిత్రాలలో కనబడ్డాడు. 1973 డిసెంబరులో మరణించే దాకా అదే. పోతన పాత్రధారి ఆ దశకు వచ్చినాడే అని జాలిపడేవారు చాలమంది. జాలి మంచిదే. కాని ఆ రెండు దృశ్యాలను కళ్లు తెరచి చూడవలె. సంభాషణ పసలేనిది, సన్నివేశం అరిగిపోయినది. ఆ ముసలి గొంతు మాత్రం ఒక్క అక్షరాన్ని కూడా అలసత్వంగా పలకదు. చెడ్డ చిత్రంలో ఉండడం వేరు, చెడ్డగా నటించడం వేరు. నాగయ్య మొదటిది వందసార్లు చేశాడు, రెండవది చేయలేదు.

ఎస్.వి. రంగారావు తీరు ఇందుకు భిన్నం. “పాతాళభైరవి” మాంత్రికుడు, “మాయాబజార్” ఘటోత్కచుడు, జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా బహుమతి తెచ్చిన “నర్తనశాల” కీచకుడు అందరికీ తెలిసినవే. వీటికంటె సూక్ష్మమైనది “బంగారు పాప” కోటయ్య. జార్జి ఇలియట్ “సైలస్ మార్నర్” ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు రచన, బి.ఎన్. రెడ్డి దర్శకత్వం. ఆ మోటుమనిషి పసిపాపను ఎత్తుకున్నప్పుడు చేతులలో కలిగే మార్పు చూపడం ఎంతటి నటుడికైనా పరీక్షే. రంగారావు కథలు రాసినవాడు కూడా కనుక పాత్ర లోపలి మనిషి ఎవరో ఆయనకు తెలుసు. అయినా తెలుగులో, తమిళంలో ఎడతెరిపి లేకుండా నటించిన ఈ మహానటుడి చిత్రాలలో జమీందారు తండ్రులూ, ముక్కోపి మామలూ, బరువు మాటల ఉపన్యాసాలూ కొల్లలు. వాటిలో కొన్నిట ఆయన నటించలేదు, నిలబడ్డాడు. ఆ గొంతు, ఆ విగ్రహం తమ పని తామే చేసుకుపోతాయని ఆయనకు తెలుసు. చూసేవారికీ తెలుస్తుంది. ఈ మాట అనడం ఆయన పట్ల అపచారం కాదు. ఎక్కడ నిలబడి ఊరుకున్నాడో చెప్పకపోతే, ఎక్కడ ప్రాణం పెట్టాడో చెప్పడానికి అర్హత రాదు. అభినందన గ్రంథాలు మన భాషలో పుష్కలంగా వెలువడుతున్నాయి. ఒక్కొక్క చిత్రాన్నీ చూసి తూచిన గ్రంథం ఒక్క నటుడి మీదనైనా ఉన్నదా?

ఇక అసలు భయం వేరే ఉన్నది. చెడ్డ చిత్రాలలో దీర్ఘకాలం నటించినందువల్ల నటుడికి చెడ్డ అలవాట్లు అబ్బుతాయి, మంచి చిత్రం వచ్చిననాడు వాటిని వదలించుకోలేడు అన్నది ఆ భయం. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. ఎంతమంది విషయంలోనో నిజమైంది. సౌమిత్రను ఈ కొలతకు నిలబెట్టి చూడవలె. త్యాగమూర్తులైన తండ్రుల దశాబ్దం అని పైన చెప్పిన 1980లలోనే, మోతీ నంది నవల ఆధారంగా సరోజ్ దే తీసిన “కోనీ”లో ఆయన ఈత నేర్పే గురువుగా నటించాడు. చిక్కిపోయిన శరీరం, కళ్లజోడు, శిష్యురాలి మీద కోపమూ ప్రేమా వేరుచేయరాని కసి. ఆ వేషంలో ఎక్కడా తండ్రి వేషాల జిడ్డు లేదు. 1990లో రాయ్ “శాఖా ప్రశాఖా”లో మతి చలించిన కొడుకు ప్రశాంతుడిగా కనబడ్డాడు. పాశ్చాత్య సంగీతం వింటూ కూర్చునే ఆ మనిషికి మాటలు బహు కొద్ది. భోజనాల బల్లమీద చేయి చరచడంతోనే తక్కిన అన్నదమ్ముల అవినీతిని ఖండిస్తాడు. ఏళ్లతరబడి బండెడు సంభాషణలు పలికిన నోరు ఈ మౌనాన్ని ఎట్లా కాపాడుకున్నది?

దీనికి సమాధానం తెరమీద దొరకదు. రంగస్థలం మీద దొరుకుతుంది. సౌమిత్ర విద్యార్థి దశలో శిశిర్ కుమార్ భాదురి నటన చూసి ఆకర్షితుడైనవాడు. 1978లో “నామ్ జీబన్” మొదలు, 2010లో “రాజా లియర్” వరకు బెంగాలీ రంగస్థలం మీద ఆయన రాశాడు, అనువదించాడు, ఆడించాడు, ఆడాడు. అక్కడ కథ ముందే తెలుసు, చివరి దృశ్యం చివరనే వస్తుంది, కూర్పరి కత్తెర లేదు. తాను ఏమి చేయదలచుకున్నాడో అది అక్కడ చేశాడు. “చారులత” కోసం రవీంద్రునికి ముందరి కాలపు చేవ్రాతను కూర్చుని సాధన చేసిన క్రమశిక్షణకు ఆశ్రయం రంగస్థలంలో, కవిత్వంలో దొరికింది. చిత్రపరిశ్రమ మీద తన మొత్తం ప్రాణాన్ని ఆనించినవాడు కాడు కనుక అది కుంగినప్పుడు ఆయన కుంగలేదు. తమ వేషాలు తప్ప వేరే ఆస్తి లేని నటులకు ఈ అదృష్టం లేదు. వాళ్లను సౌమిత్రతో పోల్చి నిందించడం అన్యాయం. అయితే సౌమిత్ర పని అంతా సమర్థించనూ కూడదు. ఆ తండ్రి వేషాలలో అనేకచోట్ల గొంతు ఉన్నది, కళ్లలో మనిషి లేడు. తరువాతి దృశ్యం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్న కళ్లు అవి.

జీవనోపాధి అన్న సమాధానం ఎంతవరకు చెల్లుతుంది? పసలేని చిత్రం వరకు చెల్లుతుంది. ఒక కులాన్నో, స్త్రీజాతినో, పేదవాళ్లనో అవమానపరచే చిత్రం దగ్గర చెల్లదు. కూటి కోసం కోటి విద్యలు అన్నారు గాని, ఆ కోటిలో ఇతరుల నోటి ముందరి కూడు లాగే విద్యను చేర్చలేదు. ఈ హద్దును ఎరిగి వృత్తి చేసినవాడు బల్‌రాజ్ సాహ్ని. శాంతినికేతనంలో పాఠాలు చెప్పి, లండనులో బి.బి.సి.లో పనిచేసి, పంజాబీలో రచన చేసిన ఈయన 1953లో “దో బీఘా జమీన్”లో రిక్షా లాగాడు; 1959లో మన ఎల్.వి. ప్రసాద్ తీసిన “ఛోటీ బహన్”లో అన్నగా కన్నీరు పెట్టించాడు. రెండవది మొదటి దానికి సాటి కాదు. అది తెలిసి కూడా రెండవదానిలో మనసు పెట్టి నటించాడు. 1972లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో మనవారి అనుకరణ బుద్ధిని ఖండిస్తూ, తాను బతుకుతున్న హిందీ చిత్రరంగాన్ని కూడా ఆ విమర్శ నుండి మినహాయించలేదు. 1973 ఏప్రిల్ 13న మరణించడానికి ముందునాడే “గర్మ్ హవా”లో సలీం మీర్జా పాత్రకు గొంతు యివ్వడం ముగించాడు. ఆయన అన్ని చిత్రాలనూ వరుసగా పేర్చి చూస్తే నూటికి పైబడినవాటిలో ఒక పది నిలుస్తాయి. ఆ పదిని నిలబెట్టినది తక్కినవాటిలో చేసిన సాధనేనా, లేక తక్కినవాటిని దాటుకుని వచ్చిన పట్టుదలా అని తేల్చవలెనంటే వాటినీ చూడవలసి ఉంటుంది.

చూడడానికి అవి ఉండవలె కదా. 1932 నాటి తొలి తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద” ప్రతి నేడు దొరకదు. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడే నాటికే ఎన్నో చిత్రాలు నశించినవి. మిగిలినవాటిలో కూడా మంచివని పేరుబడ్డవాటినే ముందు భద్రపరుస్తారు, సహజం. ఇట్లా కాలమే నటుడి తరఫున ఒక అచలిత సంగ్రహాన్ని తయారు చేస్తూ ఉంటుంది. అందులో ఏది పోవలెనో, ఏది ఉండవలెనో ఎవరినీ అడగదు. నాగయ్య రెండు దృశ్యాల పాత్రలలో ఎన్ని మిగిలి ఉన్నవో, రంగారావు అలసత్వంగా నిలబడిన చిత్రాలలో ఎన్ని ఊపిరితో ఉన్నవో కూర్చుని లెక్క తీసే పని తెలుగు విశ్వవిద్యాలయాల సాహిత్యశాఖలు చేపట్టదగినది. పరిశోధనకు కావ్యాలే మిగలలేదని వాపోయే విద్యార్థులకు పదేళ్లకు సరిపడ పని అది.

సౌమిత్ర జాబితా ఆయన మరణంతో కూడా ముగియలేదు. ఆయన జీవితం ఆధారంగా తీసిన “అభిజాన్”లో వృద్ధదశలోని తన పాత్రను తానే ధరించాడు. అది 2022 ఏప్రిల్‌లో విడుదలైంది. మరుసటి నెలలో “బేలాశురు” వచ్చింది. “ఘరే బాయిరే”లో సందీపుడికి ఎదురుగా బిమలగా నటించిన స్వాతిలేఖా సేన్‌గుప్తా ఇందులో ఆయన భార్య పాత్ర ధరించింది. వీరిద్దరే 2015లో “బేలాశేషే”లో దంపతులుగా నటించి బెంగాలీ కుటుంబాలను ఏడిపించి, మురిపించి ఉన్నారు. విడుదల నాటికి ఇద్దరూ లేరు. ఆమె 2021 జూన్‌లో పోయింది. కథ నడక మెత్తమెత్తగా, చక్కెర పాకంలో ముంచి తీసినట్లుగా ఉన్నది. గట్టి విమర్శకుడెవరూ దానిని ఆయన ఉత్తమ చిత్రాలలో చేర్చడు. మతిమరుపుతో తనను గుర్తుపట్టలేకపోతున్న భార్యను చూసే ఆ వృద్ధుడి చూపు మాత్రం చక్కెర పాకంలోనిది కాదు.